ప్లంబరు వచ్చేలోగా

నీటి గొట్టం పగిలే వేళకు, ప్లంబరు దొరికే వేళకు సాధారణంగా పొత్తు కుదరదు. ఇది కేవలం దురదృష్టం కాదు. కొంత కారణం కూడా ఉన్నది. పగలంతా ఇరుగుపొరుగు ఇళ్ళలో కుళాయిలు నడుస్తూ ఉండటం వలన గొట్టాలలో ఒత్తిడి కొంత తగ్గి ఉంటుంది. రాత్రి అందరూ కుళాయిలు కట్టివేసి నిద్రించినప్పుడు ఆ ఒత్తిడి పూర్తి స్థాయికి చేరుతుంది. ఏళ్ళ తరబడి లోలోపల తుప్పు తిని పలచబడిన గొట్టం చాలాసార్లు ఆ వేళనే లొంగిపోతుంది. తెల్లవారితే ఆదివారమో, పండుగ సెలవో అయి ఉంటుంది. సివిల్ మెయింటెనెన్స్ వారి ఫిర్యాదుల పుస్తకంలో వ్రాయించినా మనిషి వచ్చేసరికి కొన్ని గంటలు, ఒక్కొక్కసారి ఒక రోజు పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో ఇంటివారు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కారుతున్న గొట్టాన్ని చూడగానే ఎవరైనా మొదట చేసే పని, చేతికందిన పాత గుడ్డను తెచ్చి దానికి చుట్టడం. నీరు ఆగదు. మరొక గుడ్డ చుడతారు. అదీ తడిసి కారుతుంది. ఈలోగా పది నిమిషాలు గడిచిపోతాయి. నిజానికి ఆ పది నిమిషాలే విలువైనవి. గొట్టాన్ని చుట్టడం అన్నది వరుసలో మూడవ పని. మొదటిది విద్యుత్తు, రెండవది వాల్వు. ఈ రెండూ సరిగా జరిగితే మూడవది కొంత ఆలస్యమైనా నష్టం లేదు. ఈ రెండూ జరుగకుండా చేసిన కట్టు ఎంత గట్టిదైనా నిలువదు.

విద్యుత్తును గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు గాని, చెప్పినది మాత్రం మరువరాదు. కారే నీరు గోడ వెంబడి స్విచ్చి బోర్డు వైపు పోతున్నా, గీజరు మీద పడుతున్నా, నేల మీద నిలిచి ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను క్రిందకు చేరుతున్నా ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. చెప్పులు వేసుకొని, పొడి చేతితో ఆపాలి. మెయిన్ స్విచ్చి దగ్గరకు పోవాలంటే నీటిలో నిలబడవలసి వచ్చినా, ఆ బోర్డే తడిసి ఉన్నా, దానిని తాకకుండా బయటకు వచ్చి విద్యుత్ విభాగం వారికి కబురు చేయడమే ఏకైక మార్గం. 30 మిల్లీ ఆంపియర్లకు పనిచేసే ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉన్న ఇళ్ళలో ప్రమాదం తగ్గుతుంది; అంతమాత్రాన ధైర్యం చేసి తడిగోడను తడమరాదు. పై ట్యాంకుకు నీరు ఎక్కించే మోటారు తనంతట తాను నడిచే ఏర్పాటు ఉంటే దానిని కూడా ఆపివేయాలి. లేనిచో క్రింద కారిపోయిన నీటిని అది ఎప్పటికప్పుడు పైకి పంపుతూనే ఉంటుంది.

ఇక వాల్వు. మేము చూసిన అనేక ఇళ్ళలో తమ ఇంటి నీటిని ఏ వాల్వు ఆపుతుందో ఇంటిలో ఒక్కరికీ తెలియదు. పక్క ఇంటి పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో తెలుస్తుంది గాని, నెత్తిమీది ట్యాంకు నుండి తమ కుళాయికి వచ్చే దారి తెలియదు. ఒక టౌన్‌షిప్‌లో మా సహోద్యోగి ఒకరు రాత్రి షిఫ్టులో ఉండగా ఇంటి నుండి ఫోను వచ్చింది. “ఏమండీ, వంటగది గోడ దగ్గర పైపు పగిలింది. మెయిన్ ఆపేశాను. మేడ మీదకు వచ్చి చూస్తే నాలుగు వాల్వులున్నాయి, మనది ఏదండీ?” అని అడిగారు ఆ ఇల్లాలు. ఆయన మా ప్లాంటులో ఉన్న వందల వాల్వుల నంబర్లు కళ్ళు మూసుకొని చెప్పగల మనిషి. తన ఇంటి వాల్వు మాత్రం చెప్పలేకపోయారు. ఆమె తడుముకోకుండా నాలుగూ కట్టివేసి, మిగిలిన మూడు ఇళ్ళ తలుపులు తట్టి సంగతి చెప్పి, వారివి ఒక్కొక్కటే తెరుస్తూ తమది ఏదో కనుగొన్నారు. ఇంతకంటె మంచి పద్ధతి ఇంజనీర్లకు కూడా తోచదు. మరునాడు ఆ నాలుగు వాల్వుల మీద పెయింటుతో ఇళ్ళ నంబర్లు వ్రాశారు. ఖర్చు ఒక చిన్న డబ్బా పెయింటు.

సాధారణంగా మన ఇళ్ళలో కనబడేవి రెండు రకాలు. చక్రం వంటి పిడి ఉండేది గేట్ వాల్వు. గడియారపు ముల్లు తిరిగే దిశలో పలుమార్లు త్రిప్పితే మూసుకొంటుంది. పొడవైన పిడి ఉండేది బాల్ వాల్వు. పిడి గొట్టానికి అడ్డంగా వచ్చేలా పావుచుట్టు త్రిప్పితే చాలు. పాత గేట్ వాల్వులు ఏళ్ళ తరబడి కదలక బిగుసుకొని పోతాయి. అట్టి వాటిని పొడవాటి రెంచితో బలవంతం చేస్తే లోపలి కడ్డీ విరిగి పిడి చేతిలోకి వస్తుంది. అప్పుడు ఆ వాల్వు ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఉండిపోతుంది. కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనుకకు ఆడిస్తూ వదులు చేయాలి. పూర్తిగా కట్టినా సన్నని ధార వస్తూ ఉంటే లోపలి గాడిలో ఇసుక, తుప్పు పొరలు చేరి ఉండవచ్చు. రెండు మూడు సార్లు కొంచెం తెరచి మూస్తే నీటి వేగానికి అవి కొట్టుకొని పోయి వాల్వు బాగా కూర్చుంటుంది. మూడు నెలలకు ఒకసారి ఉత్తినే కట్టి తెరచే అలవాటు ఉంటే ఈ తంటా రాదు. పూర్తిగా తెరచిన తరువాత పావుచుట్టు వెనుకకు త్రిప్పి ఉంచితే బిగుసుకొనే అవకాశం తగ్గుతుంది.

వాల్వు అసలే పనిచేయకపోతే? ట్యాంకు పైనుండి చేయి అందితే, అడుగున నీరు బయటకు పోయే రంధ్రంలో శుభ్రమైన గుడ్డ చుట్టిన కొయ్య బిరడాను దిగగొట్టవచ్చు. అది కుదరనప్పుడు పగులు కంటె దిగువన ఉన్న కుళాయి తెరచి బిందెలు, బకెట్లు నింపుకోవాలి. నీటికి సులువైన దారి దొరికితే గొట్టంలో ఒత్తిడి పడిపోయి పగులు దగ్గర ధార తగ్గుతుంది. ఎటూ పోయే నీటిని ఇంటిలో నిలువ చేసుకొన్నట్లూ అవుతుంది. వాల్వు పనిచేసిన ఇంటిలో కూడా, దానిని కట్టిన తరువాత అన్నింటికంటె క్రింది కుళాయిని, అన్నింటికంటె పై కుళాయిని రెండింటినీ తెరవాలి. పైనుండి గాలి లోపలికి వస్తేనే గొట్టం పూర్తిగా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన గొట్టానికే కట్టు కట్టగలం.

ఇరవై అయిదు గ్రాములు, ఎనిమిది కిలోలు

కట్టు ఎందుకు విఫలమవుతుందో తెలుసుకొనుటకు కొద్దిపాటి లెక్క అవసరం. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో ఒత్తుతుంది. రెండంతస్తుల క్వార్టర్సులో మేడ మీది ట్యాంకు నుండి క్రింది ఇంటి గొట్టానికి ఎనిమిది మీటర్ల ఎత్తు ఉన్నదనుకొందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 0.8 కిలో. గొట్టానికి పడిన రంధ్రం రెండు మిల్లీమీటర్ల వ్యాసం కలది అయితే దాని మీద నీరు చూపే బలం కేవలం ఇరవై అయిదు గ్రాములు. చిన్నపిల్లవాడి వ్రేలు కూడా దానిని ఆపగలదు, ఆపుతుంది కూడా.

అయితే ఆ రంధ్రం మీద ఒక అతుకు వేసి, దాని అంచులు సరిగా అంటుకోలేదనుకొందాం. నీరు అతుకు క్రిందకు చొరబడి పరచుకొంటుంది. అలా అయిదు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు మేర పరచుకొన్నదంటే అతుకును పైకి నెట్టే బలం ఒక్కసారిగా ఎనిమిది కిలోలు అవుతుంది. తడి గొట్టానికి అంటించిన టేపు, తొందరలో పూసిన లప్పం, ఎంత ఖరీదైనవైనా ఊడి వచ్చే రహస్యం ఇదే. నీరు రంధ్రంలో నుండి బలంగా వచ్చినందువలన కాదు, అతుకు క్రింద చోటు దొరికినందువలన. కనుక తాత్కాలికపు మరమ్మతులో చేయవలసినదల్లా నీటికి ఆ చోటు ఇవ్వకపోవడం. అందుకు మెత్తగా ఉండి, గొట్టాన్ని గట్టిగా కరచిపట్టుకొనే పదార్థం కావాలి. గుడ్డ మెత్తనిదే గాని నీటిని పీల్చుకొని అంచుల దాకా మోసుకొని వస్తుంది. రబ్బరు పీల్చుకొనదు.

అదే రెండు మిల్లీమీటర్ల రంధ్రం గుండా గంటకు పోయే నీరు సుమారు 85 లీటర్లు. వేయి లీటర్ల ట్యాంకు పన్నెండు గంటలలో అడుగంటుతుంది. రంధ్రం నాలుగు మిల్లీమీటర్లదైతే నష్టం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మూడు గంటలలో ట్యాంకు ఖాళీ. తమ ఇంటి లీకు ఎంతటిదో తెలియాలంటే దాని క్రింద ఒక లీటరు చెంబు పెట్టి గడియారం చూస్తే చాలు. నిమిషంలో నిండితే గంటకు 60 లీటర్లు పోతున్నదన్నమాట. ఈ అంకె ఫిర్యాదు వ్రాయించేటప్పుడు చాలా ఉపయోగపడుతుంది. “పైపు కారుతోంది” అన్న ఫిర్యాదుకు, “గంటకు 60 లీటర్లు పోతోంది, నాలుగు ఇళ్ళకు నీళ్ళు కట్టేశాము” అన్న ఫిర్యాదుకు జవాబు ఒకే వేగంతో రాదు.

సైకిలు ట్యూబు

మా అభిప్రాయంలో జి.ఐ. గొట్టానికి పడిన చిల్లును తాత్కాలికంగా ఆపుటకు పాత సైకిలు ట్యూబును మించినది లేదు. పంక్చర్లు వేసే దుకాణంలో పనికిరాని ట్యూబు అడిగితే ఉత్తినే ఇస్తారు. దానిని పొడవునా చీల్చి, రెండు వ్రేళ్ళ వెడల్పున, ఒకటిన్నర మీటరు పొడవున పట్టీ కత్తిరించుకోవాలి. లోపలి వైపు నునుపుగా ఉంటుంది; అంటియున్న తెల్లటి పొడిని తుడిచివేసి ఆ నునుపు భాగం గొట్టాన్ని తాకేలా చుట్టాలి. చుట్టడానికి ముందు గొట్టం మీది తుప్పు పొరలను ఎమరీ కాగితంతో సున్నితంగా రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి. సుత్తితో గాని, ఉలితో గాని తుప్పు గీకరాదు. ఆ తుప్పే ఒక్కొక్కచోట గొట్టపు గోడగా మిగిలి ఉంటుంది.

చిల్లుకు రెండు అంగుళాల ఇవతల మొదలుపెట్టి, పట్టీని వీలైనంత సాగదీస్తూ, ప్రతి చుట్టు ముందరి చుట్టును సగం కప్పేలా చుట్టుకొంటూ చిల్లును దాటి రెండు అంగుళాలు అవతలకు పోవాలి. అక్కడ నుండి తిరిగి వెనుకకు రావాలి. మూడు నాలుగు పొరలు పడాలి. సాగదీసిన రబ్బరు ముడుచుకొనుటకు ప్రయత్నిస్తూ గొట్టాన్ని అన్ని వైపుల నుండి సమానంగా నొక్కుతుంది. కట్టుకు బలం అక్కడ ఉన్నది, పొరల లెక్కలో లేదు. చివరను ఆఖరి చుట్టు క్రిందకు దూర్చి లాగి, దాని మీద బైండింగు వైరుతో రెండు మూడు చోట్ల బిగించాలి. మోటారు వాహనాల రబ్బరు గొట్టాలకు వాడే హోస్ క్లిప్పులు ఉంటే ఇంకా మంచిది. చిల్లు ఒక్కచోటనే ఉంటే దాని మీద నాలుగు మడతల ట్యూబు ముక్క ఉంచి, ఒక క్లిప్పు సరిగ్గా దాని మీదకు వచ్చేలా స్క్రూ డ్రైవరుతో బిగిస్తే సరిపోతుంది. తరువాత వాల్వును ఒకేసారి తెరువక, సగం కంటె తక్కువగా తెరచి పది నిమిషాలు గమనించాలి.

సూదిమొన వంటి చిల్లు అయితే చెక్కిన కొయ్యపుల్లను అందులో గుచ్చి పైన ట్యూబు చుట్టవచ్చు. తడికి కొయ్య ఉబ్బి చిల్లును పట్టుకొంటుంది. చేతితో ఎంత దిగితే అంతే. కొట్టితే చిల్లు పెద్దదవుతుంది.

ఇక్కడ సబ్బును గురించి ఒక మాట. లారీ డ్రైవర్లు డీజిలు ట్యాంకు కారితే బట్టల సబ్బును మెదిపి చిల్లుకు రాస్తారు, అది గమ్యం చేరేదాకా నిలుస్తుంది. అది చూసి నీటి గొట్టానికి సబ్బు రాసేవారున్నారు. సబ్బు డీజిలులో కరగదు, అందువలన అక్కడ నిలుస్తుంది. నీటిలో కరుగుతుంది. ఇంతే తేడా.

చిల్లు గొట్టం నడుమ కాక అతుకు దగ్గర, అనగా ఎల్బో, టీ, సాకెట్ల వద్ద పడితే సంగతి వేరు. పాత జి.ఐ. గొట్టాలలో ఎక్కువ లీకులు అక్కడనే వస్తాయి. అర అంగుళం మధ్యరకం గొట్టపు గోడ మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. దాని చివర మర కోసినప్పుడు ఒక మిల్లీమీటరుకు పైగా లోతు పోతుంది. దానితోపాటు తుప్పును ఆపే జింకు పూత కూడా పోతుంది. మిగిలిన సగం మందం, అదీ పూత లేనిది, తుప్పుకు మొదటి ఆహారం. ఇట్టి అతుకును పైపు రెంచితో మరికొంత బిగిద్దామని చూడటం ప్రమాదం. ఒక వైపు బిగిస్తే అదే గొట్టపు రెండవ చివర వదులవుతుంది. పైగా పలచబడిన మర విరిగిందంటే బొట్టుబొట్టుగా కారేది కాలువ అవుతుంది. పైపు రెంచి వంటివి ఇంటిలో లేకపోవడమే ఒక విధంగా మేలని మా ఉద్దేశం.

మరల వద్ద ట్యూబు సరిగా కూర్చోదు; మిట్టపల్లాల క్రింద నీటికి దారి దొరుకుతుంది. అక్కడ ఎం-సీల్ వంటి లప్పం పనికివస్తుంది, అయితే గొట్టం ఖాళీ అయి, పూర్తిగా ఆరిన తరువాత మాత్రమే. ప్యాకెట్టులోని రెండు ముద్దలను సమపాళ్ళలో తీసుకొని, రంగు చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. సగం పిసికినది ఎన్నటికీ గట్టిపడదు. దానిని అతుకు చుట్టూ వ్రేలితో నొక్కి మరల సందులలోకి ఎక్కించాలి. పైపైన పూయడం కాదు. గట్టిపడుటకు గంటకు పైగా, పూర్తి బలం వచ్చుటకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ వేళ మించేదాకా నీరు వదలరాదు. పని అయిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకోవాలి. టెఫ్లాన్ టేపును అతుకు పైన చుట్టేవారిని చూశాము. అది మరలు విప్పి లోపలి మర మీద చుట్టి బిగించవలసిన వస్తువు. బయట చుడితే అలంకారమే.

ప్లాస్టిక్ గొట్టాలకు ఈ నియమాలే కొద్ది మార్పులతో వర్తిస్తాయి. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న పి.వి.సి. గొట్టం పెళుసుబారి పొడవునా చీలుతుంది. తీగతో బిగిస్తే చీలిక పెరుగుతుంది గనుక ట్యూబు, క్లిప్పులే వాడాలి; కట్టు చీలిక రెండు చివరలను దాటి ఉండాలి. అతికే సిమెంటును తడి మీద పూయడం వృథా. లేత మీగడ రంగులో ఉండే సి.పి.వి.సి. గొట్టం వేడినీటిదైతే గీజరు ఆపి, నీరు చల్లారిన తరువాతనే చేయి పెట్టాలి. వాష్‌బేసిను క్రింద, ఫ్లష్ ట్యాంకు పక్కన ఉండే కనెక్షను గొట్టాలు పగిలితే చుట్టవలసిన పనే లేదు. గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టివేసి చెంబుతో గడుపుకోవచ్చు. గోడ లోపల కారుతున్న గొట్టానికి తాత్కాలిక మరమ్మతు లేదు. ఆ లైను కట్టివేయడమే. తొందరపడి గోడ పగులగొట్టరాదు. తడి కనబడిన చోటనే చిల్లు ఉంటుందన్న నమ్మకం లేదు.

నీరు బయటకు పోవడమే కాదు

ఇంతవరకు చెప్పినది ట్యాంకు నుండి దిగే గొట్టాలను గురించి. వీధి నుండి ఇంటికి నేలలో వచ్చే త్రాగునీటి గొట్టం కారితే అది వేరు సమస్య, మరింత తీవ్రమైనది. మన దేశంలో అనేక పట్టణాలలో నీటిని రోజుకు కొన్ని గంటలు మాత్రమే వదలుతారు. నీరు వచ్చే వేళ చిల్లు గుండా నీరు బయటకు పోతుంది. నీరు ఆపిన తరువాత గొట్టంలో ఒత్తిడి తగ్గి, అదే చిల్లు గుండా చుట్టూ నిలిచిన బురద నీరు లోపలికి పోతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే మురుగే పోతుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో గుంటూరులోను త్రాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. బొట్టుబొట్టుగా కారే గొట్టాన్ని చూసి “పోయేది నీళ్ళే కదా” అనుకొనేవారు, రాబోయేది ఏమిటో కూడా ఆలోచించాలి. ఆ గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగితే ఈ పీల్పు మరింత పెరుగుతుంది. పలు నగరపాలక సంస్థలు దీనిని నిషేధించాయి. ఆ నిషేధం పొరుగువారి నీటి వాటా కోసమే అనుకొంటారు గాని, మోటారు పెట్టినవారి ఆరోగ్యం కోసం కూడా.

నేలలోని గొట్టానికి కట్టు కట్టాలంటే ముందు చుట్టూ మట్టి తీసి, గుంటలోని నీటిని గొట్టం కంటె దిగువకు తోడివేయాలి. బురదలో మునిగి ఉండగా కట్టు కడితే మురికిని లోపల పెట్టి కట్టినట్లే. కట్టు పూర్తి అయిన తరువాత వచ్చే మొదటి నీటిని త్రాగడానికి, వంటకు వాడక పారబోయాలి. ప్లంబరు వచ్చి గొట్టం మార్చేవరకు, మార్చిన తరువాత కూడా రెండు మూడు రోజులు, నీటిని బాగా తెర్లి ఒక నిమిషం మరిగిన తరువాతనే చల్లార్చి త్రాగాలి. వడపోత గుడ్డ ఇందుకు చాలదు. పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో దీనిని విధిగా పాటించాలి. సంపు గోడకు, మురుగు గుంటకు మధ్య దూరం తక్కువగా ఉన్న ఇళ్ళవారు సంపును కూడా ఒకసారి కడిగించుకోవడం మంచిది.

ప్లంబరుకు కబురు చేసేటప్పుడు నాలుగు వివరాలు చెప్పగలిగితే అతడు ఒకే రాకలో పని ముగిస్తాడు. ఏ రకం గొట్టం, ఎంత సైజు, చిల్లు నడుమనా లేక అతుకు వద్దనా, నిచ్చెన అవసరమా? సైజు తెలుసుకొనుటకు గొట్టం చుట్టూ దారం చుట్టి కొలవవచ్చు. జి.ఐ. గొట్టానికి దారం 6.7 సెంటీమీటర్లు వస్తే అర అంగుళం, 8.5 వస్తే ముప్పావు అంగుళం, 10.6 వస్తే ఒక అంగుళం. సి.పి.వి.సి. గొట్టం ఇంకా సన్ననిది. అర అంగుళానికి 5 సెంటీమీటర్లు, ముప్పావుకు 7. ఈ వివరాలు లేనప్పుడు పాపం అతడు వచ్చి, చూసి, తగిన ఎల్బో తెచ్చుటకు స్టోర్సుకు పోయి, అక్కడ వారు భోజనానికి పోతే కూర్చొని, మధ్యాహ్నం తిరిగి వస్తాడు. మనం మాత్రం “పొద్దున వచ్చి వెళ్ళిపోయాడు” అని మరొక ఫిర్యాదు వ్రాస్తాము. బదిలీ మీద ఇతర రాష్ట్రాలకు పోయిన మన వారికి ఇంకొక చిక్కు ఉన్నది. మనలోనే ఒకరు కుళాయి అంటారు, ఒకరు పంపు అంటారు, ఒకరు నల్లా అంటారు. అక్కడివారి మాట ఇంకొకటి. అటువంటి చోట దారం ముక్కను, కాగితం మీద గీసిన బొమ్మను చూపడమే శ్రేష్ఠం.

ఇంటిలో ఒక పాత బిస్కట్ డబ్బాలో ట్యూబు పట్టీ, అర అంగుళం, ముప్పావు అంగుళం గొట్టాలకు సరిపోయే క్లిప్పులు రెండేసి, కొంత బైండింగు వైరు, ఎమరీ కాగితం, ఎం-సీల్ ప్యాకెట్టు, కటింగ్ ప్లేయరు, స్క్రూ డ్రైవరు, వెలిగే టార్చిలైటు ఉంచుకొంటే చాలు. డబ్బా ఎక్కడున్నదో ఇంటిలో అందరికీ తెలియాలి. వాల్వు కట్టడం పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా పెద్దవారు దగ్గర ఉండి ఒకసారి చేయించి చూపాలి. పెద్దలు డ్యూటీలో ఉన్న వేళనే గొట్టాలు పగులుతాయి గనుక.

ప్లంబరు వచ్చిన తరువాత కట్టు ఎక్కడ ఉన్నదో చూపి దానిని విప్పించాలి. “కారడం లేదు కదా, ఉండనివ్వండి” అని అతడన్నా, మనకే అనిపించినా ఒప్పుకొనరాదు. ట్యూబు క్రింద చేరిన తడి ఆరదు. తుప్పు కట్టు చాటున ఇంకా త్వరగా సాగుతుంది. కోసి తీసిన ముక్కను అడిగి చూడాలి. లోపల ఒక్కచోటనే గుంట పడి మిగిలిన గోడ మందంగా ఉంటే ఆ ముక్క మార్పిడితో సరిపోతుంది. చుట్టూ పలచబడి, తుప్పు గడ్డలతో దారి సగానికి పూడిపోయి ఉంటే ఆ వరుసలోని గొట్టమంతటిదీ అదే స్థితి. ఆ ముక్కను తీసుకొనిపోయి సివిల్ విభాగం వారికి చూపి, మొత్తం లైను మార్పించవలసినదిగా వ్రాతపూర్వకంగా కోరాలి. విప్పిన ట్యూబు పట్టీ చిరుగకుండా ఉంటే కడిగి నీడలో ఆరబెట్టి తిరిగి డబ్బాలో ఉంచవచ్చు. ఎం-సీల్ మాత్రం కొత్తది కొనాలి.